మెక్సికో ఫుట్‌బాల్ తొలి ఆరాధ్యుడు ఒరాసియో కసారిన్

1939 మార్చి 26. మెక్సికో నగరంలోని పార్కే అస్తూరియాస్ మైదానంలో చెక్క గ్యాలరీలు మంటల్లో చిక్కుకున్నాయి. నిప్పు పెట్టినవారు ప్రేక్షకులే. తమకు ప్రాణప్రదమైన ఇరవై ఏళ్ల ఆటగాడిని ప్రత్యర్థులు మొరటు ఆటతో తీవ్రంగా గాయపరిచారని, రిఫరీ న్యాయంగా వ్యవహరించలేదని వారు ఆగ్రహించారు. ఆ యువకుడే ఒరాసియో కసారిన్. మెక్సికో ఫుట్‌బాల్ చరిత్రలో జనసామాన్యం ఆరాధించిన తొలి క్రీడాకారుడిగా ఆయన పేరు నిలిచిపోయింది.

కసారిన్ 1918 మే 25న మెక్సికో నగరంలో జన్మించారు. 1936లో నెకాక్సా క్లబ్ తరఫున అగ్రశ్రేణి పోటీల్లో అడుగుపెట్టారు. విద్యుత్, ట్రామ్ సంస్థల ఉద్యోగుల జట్ల కలయికతో 1923లో ఏర్పడిన క్లబ్ అది. ఒకరి మనసు ఒకరెరిగి ఆడే ఆ జట్టును అభిమానులు పదకొండుగురు అన్నదమ్ములని పిలుచుకునేవారు. ఫార్వర్డ్‌గా కసారిన్ చేరిన తర్వాత 1936-37, 1937-38 లీగ్ టైటిళ్లు నెకాక్సా ఖాతాలో చేరాయి.

ఆనాటి మెక్సికో ఫుట్‌బాల్‌లో స్పెయిన్ నుంచి వలస వచ్చినవారు స్థాపించిన క్లబ్బులకు గట్టి పట్టుండేది. అస్తూరియాస్ వాటిలో ఒకటి. అందుకే ఆ జట్టుతో నెకాక్సా తలపడినప్పుడు స్థానిక అభిమానం కూడా పోటీలో దిగేది. 1939 నాటి మ్యాచ్‌లో గోల్ చేసిన కసారిన్ మోకాలి గాయంతో మైదానం వీడారు. మ్యాచ్ 2-2తో ముగిసింది. ఆ గాయం ఆయనను చాలాకాలం ఆటకు దూరం చేసింది.

అయినా కసారిన్ తిరిగి వచ్చారు. 1940వ దశకంలో శ్రామికుల జట్టుగా పేరొందిన అట్లాంతేలో చేరి, 1946-47 లీగ్ విజయంలో పాలుపంచుకున్నారు. స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్‌లోనూ స్వల్పకాలం గడిపారు. మెక్సికోలో టెలివిజన్ ఇంకా రాని ఆ రోజుల్లోనే ఆయన కీర్తి వెండితెరకు పాకింది. హోవాకిన్ పర్దావే రూపొందించిన డాన్ వెనాన్సియో హాస్యచిత్రాల్లో ఫుట్‌బాల్ ఆటగాడి పాత్ర పోషించారు. అందులో ఆయన స్పెయిన్ నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారి కుమారుడు. స్పానిష్ వలసదారుల క్లబ్‌తో ఆడుతూ గాయపడిన ఆటగాడిని ఆ పాత్రలోనూ మెక్సికో ప్రేక్షకులు ఆదరించారు.

ప్రపంచకప్ ఆడే అవకాశం మాత్రం ఆలస్యంగా దక్కింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942, 1946 పోటీలు జరగలేదు. 1950లో బ్రెజిల్‌కు వెళ్లేనాటికి కసారిన్ వయసు 32 ఏళ్లు. జులై 2న పోర్టో అలెగ్రేలో స్విట్జర్లాండ్‌తో మ్యాచ్. రెండు జట్ల దుస్తుల రంగులు దగ్గరగా ఉండటంతో మెక్సికో ఆటగాళ్లు స్థానిక క్రుజేరో క్లబ్ చొక్కాలు అరువు తెచ్చుకుని ధరించారు. మెక్సికో 1-2 తేడాతో ఓడింది. ఆ ఒక్క గోల్ చివరి నిమిషాల్లో కసారిన్ చేసిందే. మోకాలి గాయంతో మైదానం వీడిన పదకొండేళ్ల తర్వాత, అరువు చొక్కాలోనే అయినా, ప్రపంచకప్ స్కోరు పట్టికలో ఆయన పేరు చేరింది.

ఆట విరమించాక కసారిన్ శిక్షకుడిగా కొనసాగారు. 2005 ఏప్రిల్‌లో, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు. యూగో సాంచెజ్ వంటి తర్వాతి తరం ఫార్వర్డ్‌లు యూరప్‌లో ఆయనకంటే ఎంతో ఎక్కువ సాధించారు. కానీ ఒక ఆటగాడిని సొంత ఇంటి బిడ్డగా చూసుకోవడం మెక్సికో అభిమానులకు కసారిన్‌తోనే అలవాటైంది.