వీటో నీడలో ఊ థాంట్

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో వరి పండించే కుటుంబాల్లో చాలా వాటి మూలాలు తూర్పు బెంగాల్‌లో ఉన్నాయి. దేశ విభజన తర్వాత అక్కడి నుంచి వచ్చిన శరణార్థులకు 1950లలో ప్రభుత్వం ఈ దీవిలో భూములిచ్చింది. డిగ్లీపూర్‌కు ఉత్తరాన సముద్రం దాటితే బర్మాకు చెందిన కోకో దీవులు వస్తాయి. 1971లో తూర్పు బెంగాల్ మరోసారి తగలబడినప్పుడు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉన్నది ఆ బర్మాకు చెందిన ఊ థాంట్.

ఆయన 1909 జనవరి 22న ఐరావతి డెల్టాలోని పంతనావ్‌లో పుట్టారు. తండ్రి పోయాక కుటుంబ భారం మీద పడటంతో యూనివర్సిటీ చదువు మధ్యలోనే వదిలి ఊళ్లో బడిపంతులయ్యారు, తర్వాత హెడ్మాస్టరయ్యారు. మిత్రుడు ఊ నూ ప్రధాని అయ్యాక ప్రభుత్వ కొలువులో ఎదిగి, 1957లో సమితిలో బర్మా ప్రతినిధిగా వెళ్లారు. 1961 సెప్టెంబరులో హామర్‌షెల్డ్ విమాన ప్రమాదంలో మరణించారు. వీటో ఉన్న అయిదు దేశాల్లో ఏ ఒక్కటి కాదన్నా ఆ కుర్చీ దక్కదు. అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ ఒప్పుకున్న పేరు ఊ థాంట్‌ది.

1971 మార్చి 25 రాత్రి పాకిస్థాన్ సైన్యం ఢాకాపై విరుచుకుపడింది. భారత్‌కు తరలివచ్చిన శరణార్థులు కోటికి చేరువయ్యారు. శిబిరాల్లో కలరా ప్రబలింది. మే నెలలో ఊ థాంట్ ప్రపంచ దేశాలను సాయం అడిగారు. శరణార్థుల హైకమిషనర్ సద్రుద్దీన్ ఆగాఖాన్‌కు సమన్వయ బాధ్యత అప్పగించారు. సాయం పోగుచేయడానికి భద్రతా మండలి అనుమతి అక్కర్లేదు. జనాన్ని తరిమిన హింసను ఆపాలంటే మాత్రం మండలి కదలాలి. అది రాజకీయ సమస్యేనని, సాయంతో తీరదని జులై 20న ఆయన మండలికి లేఖ రాశారు. మండలి సమావేశమే కాలేదు. అమెరికా పాకిస్థాన్ పక్షాన, సోవియట్ యూనియన్ భారత్ పక్షాన ఉన్నాయి. ఏ తీర్మానం పెట్టినా ఎవరో ఒకరు అడ్డుపడతారని అందరికీ తెలుసు.

డిసెంబరు 3న యుద్ధం మొదలయ్యాకే మండలి కూర్చుంది. కాల్పుల విరమణ తీర్మానాలపై సోవియట్ యూనియన్ మూడుసార్లు వీటో వేసింది. డిసెంబరు 7న సర్వప్రతినిధి సభలో 104 దేశాలు విరమణ కోరినా, దాన్ని అమలు చేయించే అధికారం ఆ సభకు లేదు. 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. శరణార్థులు ఇళ్లకు మళ్లారు. మండలి తీర్మానం ఆమోదం పొందింది 21న, అంతా ముగిశాక.

మన దేశంలో ఆ వీటోలను స్నేహహస్తంగా గుర్తు చేసుకుంటారు. అవి యుద్ధాన్ని ముగింపుదాకా సాగనిచ్చాయి, శరణార్థుల తిరుగు ప్రయాణానికి దారి తీశాయి కూడా. అసలు నష్టం అంతకుముందు ఎనిమిది నెలల్లో జరిగింది. వీటో పడుతుందన్న లెక్కతోనే మండలి నోరు మెదపలేదు. ఆ కాలమంతా శిబిరాలకు బియ్యం, మందులు అందుతూనే ఉన్నాయి, కొత్త శరణార్థులూ వస్తూనే ఉన్నారు.

అనారోగ్యంతో ఉన్న ఊ థాంట్ పదవీకాలం ఆ డిసెంబరు 31తో ముగిసింది. 1974 నవంబరు 25న న్యూయార్క్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. భౌతికకాయం రంగూన్ చేరినప్పుడు నె విన్ సైనిక ప్రభుత్వం అధికార లాంఛనాలు నిరాకరించింది. విద్యార్థులు శవపేటికను యూనివర్సిటీకి తీసుకెళ్లారు. డిసెంబరు 11న సైన్యం క్యాంపస్‌లోకి చొరబడి దాన్ని స్వాధీనం చేసుకుని, ష్వేడగాన్ పగోడా సమీపంలో ఖననం చేసింది.