ఒంటిచేతి ష్మిట్

మా కంప్యూటర్ టెలిస్కోప్‌లో శని అని నొక్కితే అదే తిరిగి చూపిస్తుంది. నాకు మాత్రం దాని ముందున్న పల్చటి గాజు మీదే కన్ను. ఆ ఆలోచన బెర్న్‌హార్డ్ ష్మిట్‌ది.

1879లో ఎస్టోనియాలోని నైసార్ దీవిలో పుట్టాడు. పదిహేనేళ్లకి గొట్టంలో మందుగుండు కూరి ప్రయోగం చేస్తే కుడిచెయ్యి పోయింది (మన ల్యాబ్ వీరులూ, వింటున్నారా?). ఎడమచేత్తోనే అద్దాలు అరగదీశాడు.

గోళాకార అద్దం చెయ్యడం తేలికే, కానీ అంచుల వెలుగు, మధ్య వెలుగు ఒకేచోట కలవవు. దాన్ని సరిచేసే గాజు వంపు అరగదీయడం మహాకష్టం. ష్మిట్ ఏం చేశాడంటే, పలకని గిన్నె మీద బిగించి కింద గాలి లాగేశాడు. పలక వంగింది. అలా వంగి ఉండగానే పైభాగం సానబట్టి గాలి వదిలాడు. పలక లేచేసరికి కావలసిన వంపు దానంతటదే వచ్చేసింది!

1930లో హాంబర్గ్ అబ్జర్వేటరీలో తొలి కెమెరా తయారైంది. 1935లో పోయాడు. పాలోమార్ కొండమీది 48 అంగుళాల ష్మిట్ టెలిస్కోప్‌ని చూడనేలేదు.

మొన్న ఆ గాజు మీద దుమ్ము తుడవమంటే నా రెండు చేతులూ వణికాయి.