తుర్రేబాజ్ ఖాన్

గొప్పలు పోయేవాణ్ణి తుర్రం ఖాన్ అని ఎగతాళి చేయడం మన శంషాబాదు వైపు ఇండ్లలో మామూలే. ఈ మాట హైదరాబాదు బేగంబజారు వాసియైన తుర్రేబాజ్ ఖాన్ పేరు నుండి వచ్చిందని పెద్దలంటారు. ఎగతాళి మిగిలింది గాని మనిషి మరుగున పడ్డాడు.

1857లో ఉత్తరదేశమంతా తిరుగుబాటు రేగినప్పుడు నిజాము, ఆయన దివాను సాలార్‌జంగ్ ఆంగ్లేయుల పక్షమే వహించారు. ఢిల్లీ మీదికి నడవడానికి నిరాకరించిన జమాదారు చీదాఖాన్ తన మనుషులతో హైదరాబాదు చేరి ఆశ్రయం కోరగా, సాలార్‌జంగ్ వారిని రెసిడెన్సీకి అప్పగించాడు. నగరం భగ్గుమన్నది. జూలై 17, శుక్రవారం, వారిని విడిపించడానికి తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ వందలాది జనంతో రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. అబ్బన్ సాహెబు, జయగోపాలదాసు అనే ఇద్దరి ఇండ్లలో చేరి తుపాకులు పేల్చారు. ఆ ఇండ్లలో ఒకటి హిందువుది కావడం గమనింపదగినది. సాలార్‌జంగ్ ముందే కబురంపినందున ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. రాత్రంతా పోరాడి తెల్లవారేలోగా వారు వెనుదిరుగక తప్పలేదు.

కొన్ని దినములకే ఖాన్ పట్టుబడ్డాడు. తోటివారి జాడ చెప్పుమని ఎంత అడిగినా చెప్పలేదు. యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడినది. 1859 జనవరి 18న ఆయన కావలివారి నుండి తప్పించుకున్నాడు. తలకు అయిదువేల రూపాయల బహుమానం ప్రకటించారు. ఆ కాలంలో అది ఎంత సొమ్మో ఊహించండి! ఆరు దినములకే, జనవరి 24న, తూప్రాన్ వద్ద చంపబడ్డాడు. శవాన్ని నగరానికి తెచ్చి, జనం చూడాలని బహిరంగంగా వ్రేలాడదీశారు. మౌల్వీ అండమానులోనే కన్నుమూశాడు.

సంఘపు సంచికలో ఈయన కథ ఎందుకని కొందరడుగవచ్చు. ఆ రాత్రి రెసిడెన్సీలో ఉన్న దొరలు పేరుకు మన మతస్థులే. అయినా వారి రాజ్యం వేరు, మన సువార్త వేరు. సికింద్రాబాదులో వెస్లియన్ మిషను పని మొదలైనది ఇరవై ఏండ్ల తరువాత. తోటివారిని అప్పగించక తానే శిక్ష భరించిన మనిషిని ఏ మతంవాడని అడగడం మనకు తగదని నా అభిప్రాయం.

మెదకు కెథెడ్రలుకు వెళ్ళే మనవారిలో చాలామంది తూప్రాన్ మీదుగానే పోతారు. కోఠీలో ఆయన పేరిట ఒక వీధి, 1857 వీరుల స్మారకస్తంభం ఉన్నాయి. ఆనాటి రెసిడెన్సీ భవనం ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్నది.