తలుపు తెరిచిన లెక్కల మాస్టారు: కొల్మొగొరోవ్ బడి కథ

లెక్కలు మన పిల్లలకు ఎక్కవు అన్న మాట మేం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. వాడలోంచి వచ్చిన పిల్ల గణితంలో మంచి మార్కులు తెచ్చుకుంటే టీచర్లు ఆశ్చర్యపోతారు, తక్కువ తెచ్చుకుంటే తలూపుతారు. రెండిటి వెనుకా ఉన్న నమ్మకం ఒక్కటే. తెలివి కొన్ని ఇళ్లలోనే పుడుతుందని, మిగతా ఇళ్లకు దారి తప్పి వస్తుందని. ఈ నమ్మకం తప్పని ఒక బడి కట్టి చూపించిన మనిషి గురించి ఇక్కడ చెబుతున్నాం. పేరు ఆంద్రేయ్ నికొలాయెవిచ్ కొల్మొగొరోవ్. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గణిత శాస్త్రజ్ఞుల్లో ఒకరు. ఆయన మన మనిషి కాదు, మన పోరాటంలో ఉన్నవాడూ కాదు. కానీ ఆయన ఎదుర్కొన్న ప్రశ్న మనదే.

1903 ఏప్రిల్ 25న రష్యాలోని తంబోవ్ పట్టణంలో ఆయన పుట్టాడు. కన్న తల్లి ఆ కాన్పులోనే చనిపోయింది. ఆమెకు పెళ్లి కాలేదు. తండ్రి కతాయెవ్ వ్యవసాయ శాస్త్రం చదివినవాడు, బిడ్డను పెంచలేదు. తల్లి తోబుట్టువు వేరా యాకొవ్లెవ్నా ఆ పసివాణ్ణి యారొస్లావ్ల్ దగ్గర తునోష్నాలోని తాతగారింటికి తీసుకెళ్లి సొంత కొడుకులా పెంచింది. బిడ్డకు తండ్రి ఇంటిపేరు రాలేదు, తల్లి వైపుదే వచ్చింది. ప్రపంచమంతా గణిత పుస్తకాల్లో చదివే కొల్మొగొరోవ్ అన్న పేరు ఒక పెళ్లికాని తల్లి ఇచ్చిన పేరు.

ఆ ఇల్లు పేదది కాదు. తాతది భూములున్న కుటుంబం, ఆ సంగతి దాచాల్సిన పనిలేదు. అయితే ఆ ఇంటి ఆడవాళ్లు చుట్టుపక్కల పిల్లల్ని పోగేసి ఇంట్లోనే చిన్న బడి నడిపారు. పిల్లలు రాసినవన్నీ కలిపి ఒక ఇంటి పత్రిక తయారుచేసేవారు. అందులో లెక్కల పేజీ మన కుర్రాడిది. ఐదారేళ్ల వయసులో ఒక విషయం కనిపెట్టాడు. ఒకటికి మూడు కలిపితే నాలుగు, అంటే రెండు రెళ్లు. దానికి ఐదు కలిపితే తొమ్మిది, అంటే మూడు మూళ్లు. బేసి సంఖ్యల్ని వరసగా కూడితే ఎప్పుడూ వర్గమే వస్తుంది. ఎవరో చెబితే నేర్చుకున్నది కాదది, తనంతట తాను చూసింది. అప్పటి ఆనందాన్ని ఆయన చివరిదాకా గుర్తుచేసుకునేవాడు. లెక్క అంటే బట్టీ కాదు, చూడటం అన్న నమ్మకం అక్కడే నాటుకుంది.

పరీక్ష లేని ప్రవేశం

విప్లవం తర్వాతి ఆకలి రోజుల్లో కుర్రాడు మాస్కో వదిలి రైల్వే లైను పనిలో చేరాడు. పని చేస్తూనే సొంతంగా చదువుకున్నాడు. తిరిగొచ్చాక బడివాళ్లు పరీక్ష కూడా పెట్టకుండా సర్టిఫికెట్ చేతిలో పెడితే కొంచెం నిరాశపడ్డాడట.

1920లో మాస్కో విశ్వవిద్యాలయంలో చేరాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. 1918లో కొత్త ప్రభుత్వం విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్షలు రద్దు చేసింది. చదవాలనుకున్న వాళ్లెవరైనా గణిత విభాగంలో చేరవచ్చు. ప్రవేశ పరీక్ష లేకపోతే ప్రమాణాలు కూలిపోతాయని ఈనాటికీ మనకు చెబుతుంటారు కదా. సంభావ్యతా శాస్త్రానికి పునాది వేసిన మనిషి అలా తెరిచిన తలుపులోంచే లోపలికి వచ్చాడు.

చెక్క అడుగులతో తానే చేసుకున్న చెప్పులు వేసుకుని తిరిగేవాడు. మొదటి ఏడాది పరీక్షలు గబగబా పూర్తిచేశాడు. రెండో ఏడాది విద్యార్థికి నెలకు 16 కిలోల రొట్టె, కిలో వెన్న ఇచ్చేవారు, అదీ కారణం. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే మన హాస్టల్ విద్యార్థులకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు. 19 ఏళ్లకే ఫూరియే శ్రేణుల మీద ఆయన చేసిన పని దేశదేశాల గణితజ్ఞుల్ని తన వైపు తిప్పింది. అదే 1922లో మాస్కోలోని పొతిలిఖా ప్రయోగాత్మక బడిలో టీచరుగా చేరి, 1925 దాకా లెక్కలు, ఫిజిక్స్ చెప్పాడు. బడిపిల్లలకు పాఠం చెప్పడం ఆయనకు బతుకుతెరువుగా మొదలై ప్రాణంగా మారింది.

1933లో వచ్చిన చిన్న పుస్తకంతో సంభావ్యతకు గట్టి గణిత పునాది దొరికింది. ఇవాళ బీమా లెక్కల నుంచి కృత్రిమ మేధ దాకా అన్నీ ఆ పునాది మీద నిలబడ్డవే. 1935లో మాస్కో బడిపిల్లలకు మొదటి గణిత ఒలింపియాడ్ పెట్టిన వాళ్లలోనూ ఆయన ఉన్నాడు. ఇజ్రాయిల్ గెల్ఫాండ్ అనే యూదు కుర్రాడు హైస్కూలు కూడా పూర్తిచేయకుండా మాస్కో వస్తే, డిగ్రీ లేదని వెనక్కి పంపలేదు. కొల్మొగొరోవ్ దగ్గర పరిశోధక విద్యార్థిగా చేర్చుకున్నారు. ఆ గెల్ఫాండ్ తర్వాత ప్రపంచ స్థాయి గణితజ్ఞుడయ్యాడు.

ఆయన జీవితంలో మచ్చలూ ఉన్నాయి. 1936లో తన గురువు లూజిన్ మీద బహిరంగ విచారణ జరిగితే, గురువుకు వ్యతిరేకంగా మాట్లాడిన శిష్యుల్లో ఈయనా ఒకడు. కానీ 1940లో మరో పని చేశాడు. స్టాలిన్ అండ ఉన్న లిసెంకో బృందం మెండెల్ జన్యు సూత్రాలు తప్పని చాటుతోంది. ఆ బృందంలోని ఒక పరిశోధకురాలు ప్రచురించిన అంకెల్నే తీసుకుని, అవి మెండెల్‌ను ఖండించడం లేదని, బలపరుస్తున్నాయని కొల్మొగొరోవ్ లెక్కగట్టి అచ్చువేశాడు. అదే ఏడాది జన్యుశాస్త్రవేత్త వవిలోవ్‌ను అరెస్టు చేశారు, 1943లో ఆయన జైల్లోనే చనిపోయాడు. ఆ కాలంలో ఒక అంకెను అంకెగా చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు.

18వ నంబరు బోర్డింగ్ బడి

1962లో ఆయన భారతదేశం వచ్చాడు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో యువ పరిశోధకులతో గడిపాడు. అక్కడి వరదన్ అనే యువకుడి సిద్ధాంత గ్రంథానికి ఆయన ఒక పరీక్షకుడు. ఆ వరదన్‌కే 2007లో ఏబెల్ బహుమతి వచ్చింది.

మరుసటి ఏడాది, 60 ఏళ్ల వయసులో, తన పేరు ఎక్కువకాలం నిలిపే పని మొదలుపెట్టాడు. అప్పటికే మాస్కోలో గణితం, కంప్యూటింగ్ ప్రత్యేకంగా నేర్పే తరగతులు ఉన్నాయి. 1959లోనే ష్వార్త్స్‌బుర్డ్ అనే టీచరు బడిపిల్లల్ని ప్రోగ్రామర్లుగా తయారుచేయడం ప్రారంభించాడు. కానీ అవన్నీ నగరం పిల్లలకే. ఊళ్లలో, చిన్న పట్టణాల్లో పుట్టిన పిల్లల సంగతేమిటి? ఈ ప్రశ్నకు జవాబే గణిత, భౌతిక శాస్త్రాల బోర్డింగ్ బడులు. 1963లో సోవియట్ ప్రభుత్వం వాటికి అనుమతినిచ్చింది. భౌతిక శాస్త్రవేత్త కికోయిన్‌తో కలిసి కొల్మొగొరోవ్ నిలబెట్టిన 18వ నంబరు బోర్డింగ్ బడి 1963 డిసెంబరులో మాస్కో పడమటి అంచున తెరుచుకుంది.

ఆ బడి ముఖ్యంగా మాస్కో బయటి పిల్లల కోసం. జిల్లా జిల్లాలో జరిగే ఒలింపియాడ్లకు వెళ్లి, పరీక్షలూ ముఖాముఖీలూ పెట్టి పిల్లల్ని వెతికి తెచ్చేవారు. పై తరగతుల చివరి ఒకటి రెండేళ్లు ఇక్కడ చదివేవాళ్లు. ప్రపంచమంతా పేరున్న ప్రొఫెసర్ స్వయంగా సుద్దముక్క పట్టుకుని పాఠం చెప్పేవాడు. లెక్కలతోనే సరిపెట్టలేదు. సాయంత్రాలు సంగీతం వినిపించేవాడు, కవిత్వం గురించి మాట్లాడేవాడు, పిల్లల్ని వెంటబెట్టుకుని అడవుల్లో మైళ్లకొద్దీ నడిచేవాడు. పల్లె పిల్లకు లెక్కలు చాలు, మిగతా సంస్కృతి అక్కర్లేదని ఆయన అనుకోలేదు. మన పిల్లలకు ఏదో ఒక నైపుణ్యం నేర్పి పనిలో పెడితే చాలనే వాళ్లు దీన్ని గమనించాలి.

అదే కాలంలో ఆయన కంప్యూటర్ శాస్త్రానికి మూలమైన ఒక ప్రశ్న వేశాడు. ఒక అంకెల వరసలో ఎంత సంక్లిష్టత ఉందో ఎలా కొలవాలి? దాన్ని అచ్చువేయగల అతి చిన్న ప్రోగ్రాం పొడవుతో కొలవాలన్నాడు. దీన్నే ఇవాళ కొల్మొగొరోవ్ సంక్లిష్టత అంటున్నారు. ఆయన బడిలో చదివిన యూరి మతియసేవిచ్ 1970లో, తన 22వ ఏట, హిల్బర్ట్ పదో సమస్యను తేల్చేశాడు. ఫలానా రకం సమీకరణాలకు పూర్ణాంక జవాబులున్నాయో లేదో చెప్పే ఒకే యాంత్రిక పద్ధతి అసలు ఉండదని తేలింది.

బడికి రాలేని వాళ్లనూ వదల్లేదు. గెల్ఫాండ్ 1964లో పోస్టు ద్వారా గణిత బడి నడిపించాడు. 1970లో కికోయిన్, కొల్మొగొరోవ్ కలిసి పిల్లల కోసం క్వాంత్ పత్రిక తెచ్చారు. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చౌకగా దొరికిన సోవియట్ సైన్స్ పుస్తకాలు చదివి పెరిగిన మన పెద్దలకు ఆ గాలి కొంత తెలుసు.

గేటు దాటాక మరో గేటు

కథ ఇక్కడ ముగిస్తే అబద్ధమవుతుంది. పల్లెల్లో పిల్లల్ని ఎంత వెతికినా, విశ్వవిద్యాలయం గేటు దగ్గర వేరే జల్లెడ ఉంది. 1970ల్లో మాస్కో విశ్వవిద్యాలయ గణిత విభాగం ప్రవేశాల్లో యూదు పిల్లల్ని వేరుచేసి, మౌఖిక పరీక్షలో తేల్చడం చాలా కష్టమైన లెక్కలు ఇచ్చి పంపేసేవారు. కాగితం మీద అందరికీ ఒకే పరీక్ష. గదిలో మాత్రం ఇంటిపేరు చూసి ప్రశ్న. రాత పరీక్షలో ముందుండి ఇంటర్వ్యూలో వెనకబడే మన విద్యార్థులకు ఈ కిటుకు అర్థం చెప్పాల్సిన పనిలేదు. మెరిట్ ఎప్పుడూ తనంతట తాను గెలవదు. కొలబద్ద ఎవరి చేతిలో ఉందో చూడాలి.

కొల్మొగొరోవ్ కూడా ఒక చోట ఓడిపోయాడు. దేశమంతటి బడులకు ఆయన తెచ్చిన కొత్త గణిత పుస్తకాలు మామూలు టీచర్లకు, తల్లిదండ్రులకు కొరుకుడు పడలేదు. సమాన త్రిభుజాలన్న తేలిక మాట పోయి కఠినమైన పారిభాషిక పదాలు వచ్చాయి. 1978 నుంచి తోటి గణితజ్ఞులే గట్టిగా విమర్శించారు, పుస్తకాలు మారిపోయాయి. ఎంచుకున్న పిల్లల మధ్య నడిచిన పద్ధతిని, టీచర్లను సిద్ధం చేయకుండా కోట్లమందికి పైనుంచి రుద్దితే ఏమవుతుందో దీంతో తెలిసింది. పార్కిన్సన్ జబ్బుతో, చూపు మందగించి, 1987 అక్టోబరు 20న ఆయన కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఆ బడి మాస్కో విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది.

మనకూ గురుకులాలున్నాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన దారి సాంఘిక సంక్షేమ గురుకులాల దాకా విస్తరించింది. కూలి తల్లుల పిల్లలు అక్కడి నుంచి ఐఐటీలకు, మెడికల్ కాలేజీలకు వెళ్లారు. అది చిన్న విజయం కాదు. అయితే కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. మన గురుకులాల్లో లెక్క అంటే ర్యాంకు కోసం రుద్దే షార్ట్‌కట్‌గా మిగులుతోందా, ఆరేళ్ల పిల్ల తానే ఒక వరుసను కనిపెట్టి మురిసిపోయే చోటుందా? విశ్వవిద్యాలయ ప్రొఫెసర్లలో ఎంతమంది ఆ తరగతి గదుల్లోకి వచ్చి సుద్దముక్క పట్టుకున్నారు? పిల్ల గేటు దాటి పై చదువుకు వెళ్లాక ఇంటర్వ్యూ గదిలో ఆమెకు తోడెవరు?

బడి తెరవడం సగం పనే. మిగతా సగం ఆ ఇంటర్వ్యూ గది తలుపు దగ్గర ఉంది. ఆ పని మనమే చేయాలి.