కాళ్లు వంకరపోతే తప్పు నీళ్లదేనా?

మీ పిల్లల రక్తపరీక్ష రిపోర్టులో ‘ఫాస్ఫరస్’ అన్న వరుసను ఎప్పుడైనా గమనించారా? ఆ అంకెను తేల్చే దారి ప్రపంచానికి చూపిన ఇద్దరిలో ఒకరు మన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు కోపం వచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు సోదరులను స్ప్రూ జబ్బు రోజుల తేడాతో తీసుకుపోయింది. 1923లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్రాలు ఎత్తుతూ హార్వర్డ్‌లో చదివారు.

1925లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. రసాయనాలు కలిపాక నీలిరంగు ఎంత చిక్కగా వస్తే భాస్వరం అంత ఎక్కువ. తర్వాత లెడర్లీ కంపెనీలో ఫోలిక్ యాసిడ్ తయారీకి, బోదకాలు మందు హెట్రజాన్‌కు సారథ్యం వహించారు. స్వదేశం తిరిగి చూడకుండానే 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఆ అంకెతో మనకేం పని? కర్నూలు, కడప పల్లెల్లో పిల్లల కాళ్లు వంకరపోతే ఫ్లోరైడ్ నీళ్లనీ, కిడ్నీలో రాళ్లు పడితే ఎండలనీ అనుకుంటాం. చాలాసార్లు నిజమే. కానీ భాస్వరం తక్కువుంటే, కిడ్నీయే దాన్ని మూత్రంలో వదిలేస్తోందేమో చూడాలి. డెంట్ వ్యాధి అలాంటి అరుదైన జన్యులోపం. తల్లి ద్వారా ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. మూత్రంలో ప్రొటీన్, కాల్షియం పోతాయి. రాళ్లు పడతాయి. కొందరిలో భాస్వరమూ పోయి ఎముకలు మెత్తబడతాయి.

ఇలాంటి పిల్లలకు డీఎంఎస్‌ఏ స్కాన్ రాస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందును కొద్దిగా నరంలోకి ఎక్కించి, రెండు మూడు గంటలయ్యాక చిత్రాలు తీస్తారు. ఆ ధార్మికత ఆరు గంటలకోసారి సగమవుతుంది. మామూలుగా కిడ్నీ నాళికల కణాలు ఈ మందును పట్టి ఉంచుతాయి. డెంట్ వ్యాధిలో పట్టలేవు. మందు మూత్రంలోకి జారిపోయి, కిడ్నీ మసగ్గా కనిపిస్తుంది. అంతమాత్రాన కిడ్నీ పాడైపోయిందని బెంబేలు పడొద్దు. క్రియాటినిన్‌తో కలిపి చదవాలి. జబ్బును ఖాయం చేసేది జన్యుపరీక్ష.

కాళ్లు వంకర కనిపించగానే సొంతంగా విటమిన్-డి ఇంజెక్షన్లు వేయించకండి. డెంట్ ఉన్న పిల్లల్లో మూత్రంలో కాల్షియం పెరిగి రాళ్లు ఎక్కువ కావచ్చు. ముందు డాక్టరుకు చూపించి ఫాస్ఫరస్, కాల్షియం, క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించండి. సుబ్బారావుగారు దారి చూపిన ఆ చిన్న పరీక్ష మీ బిడ్డ కిడ్నీని కాపాడొచ్చు.