అంధ గణితజ్ఞుడు ఆయిలర్

లియోనార్డ్ ఆయిలర్ 1707లో స్విట్జర్లాండు నందలి బాసెల్ నగరమున జన్మించెను. మతాచార్యుడగు తండ్రి తనయుడును తన మార్గముననే నడువవలెనని తలచెను. బాలుని మనస్సు గణితమును వీడదయ్యెను.

రష్యా దేశమున సెయింట్ పీటర్స్‌బర్గ్ విద్వత్పరిషత్తునందు పనిచేయుచుండగా కుడికన్ను చెడెను. బెర్లినులో కొంతకాలముండి 1766లో మరల అచటికి వచ్చిన పిదప ఎడమకన్నును పోయెను. ఆయన చెప్పుచుండగా కుమారులు, శిష్యులు వ్రాయుచుండిరి.

2147483647 ప్రధానసంఖ్య యని మెర్సెన్ అను ఫ్రెంచి సన్న్యాసి 1644లోనే చెప్పెను గాని నిరూపింపలేదు. నిరూపించుటకు 46340 లోపలి ప్రధానసంఖ్య లన్నింటితోను భాగించి చూడవలెను. అవి నాలుగువేలకు పైబడును! ప్రధాన భాజకమే యున్నచో, దానిని 248చే భాగింపగా 1 గాని 63 గాని శేషింపవలెనని ఆయిలర్ కనుగొనెను. పరీక్షింపవలసినవి నూరైనను మిగులలేదు. వానిలో నేదియు నిశ్శేషముగ భాగింపలేదు. 1772లో ఈ ఫలితము వెలువడెను. అప్పటికి తెలిసిన ప్రధానసంఖ్యలలో ఇంతకంటె పెద్దది లేదు. 1783లో ఆయిలర్ దివంగతుడయ్యెను.