రామదాసు పన్నెండేళ్ళ ఖైదు

కంచర్ల గోపన్న అంటే మన కుర్రాళ్ళు కొందరు తెల్లమొహం వేస్తారు గాని, భక్త రామదాసంటే తెలియని తెలుగువాడుండడు. శ్రీరామనవమి పందిట్లో ఆయన కీర్తన వినని వాళ్ళు మన ఆనందపురం ప్రాంతంలో ఎవరున్నారు? 2006లో సినిమా వచ్చాక చిన్నపిల్లలకు కూడా ఆ జైలు కథ కంఠతా వచ్చేసింది. అయితే ఆ జైలు ఎందుకు పడిందీ, అన్నేళ్ళు ఎందుకు సాగిందీ అన్నదాని మీద మనం మనసు పెట్టం. భక్తిలో అది కొట్టుకుపోతుంది. పూలదండలు కాస్త పక్కన పెట్టి చూస్తే, ఇది సర్కారు సొమ్ము దారి మళ్ళించిన ఒక ఉద్యోగి కేసు.

గోపన్నది ఖమ్మం దగ్గర నేలకొండపల్లి. తల్లి కామాంబ, తండ్రి లింగన్న. పదిహేడో శతాబ్దం. గోల్కొండలో అబుల్ హసన్ కుతుబ్ షా, అంటే మన తానీషా, 1672లో సింహాసనమెక్కాడు. ఆయన కొలువులో అక్కన్న మాదన్నల మాటకు తిరుగులేదు. వాళ్ళు గోపన్నకు మేనమామలని సంప్రదాయం. ఆ చలవతోనే కాబోలు, గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యాడు. శిస్తు వసూలు చేసి ఖజానాకు పంపడం ఆయన పని.

ఆ పరగణాలోనే భద్రాచలం. పోకల దమ్మక్క అనే భక్తురాలు కొండ మీద విగ్రహాలను కనుగొని, తాటాకు పందిరి వేసి పూజిస్తుండేదట. గోపన్న అది చూశాడు. గుడి కట్టాలనుకున్నాడు. మొదట జనం దగ్గర చందాలు పోగు చేశాడు. అవి చాలలేదు. చేతిలో శిస్తు సొమ్ముంది. అదీ కలిపేశాడు. ఆలయం లేచింది, నగలు వచ్చాయి. ఖజానాకు రావలసిన ఆరు లక్షల వరహాలు రాలేదు.

ఆ రోజుల్లో గోల్కొండ రాజ్యంలో సర్కారు బాకీ అంటే ఆషామాషీ కాదు. 1618-22 మధ్య మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్వోల్డ్ గోల్కొండ మీద రాసిన వృత్తాంతంలో, ఇజారా బాకీ కట్టలేని అధికారిని బెత్తాలతో చావగొట్టిన ఉదంతం ఉంది. ఆ లెక్కన గోపన్నకు ప్రాణమైనా దక్కింది. కాని ఖైదు మాత్రం పన్నెండేళ్ళు, కొరడా దెబ్బలు అదనం అంటారు. గోల్కొండ కోటకు వెళ్ళినవారు ఆ చీకటి కొట్టు చూసే ఉంటారు. గోడ మీద చెక్కిన సీతారామలక్ష్మణుల బొమ్మలు ఆయన చేతివే అని చూపిస్తారు. మేనమామలు మంత్రాంగంలో ఉండీ విడిపించలేకపోయారు. ఈ రోజుల్లో మేనమామ ఎమ్మెల్యే అయితే చాలునేమో!

ఆ కొట్లో పాడుకున్నవే మనం పాడుకునే కీర్తనలు అని ప్రతీతి. అందులో ఒకటి లా విద్యార్థులు ప్రత్యేకంగా వినవలసింది. సీతమ్మకు చేయించిన పతకానికి ఎంతయిందో, భరతుడి పతకానికి ఎంతో, శత్రుఘ్నుడి మొలతాడుకు ఎంతో దేవుడికి పేరుపేరునా లెక్క అప్పచెబుతాడు. కోపం తెచ్చుకుని నిలదీస్తాడు, మళ్ళీ తనే క్షమించమంటాడు. నా దృష్టిలో అది ముద్దాయి తన నోటితో ఇచ్చుకున్న ఖర్చుల పట్టిక. తాను తినలేదని రుజువు చేస్తుంది. తీయలేదని మాత్రం చెయ్యదు. చందా ఇచ్చినవాడు గుడి కోసమని తెలిసి ఇచ్చాడు. శిస్తు కట్టిన రైతును ఎవరడిగారు? ఈ మాట భక్తులకు కష్టం తోచవచ్చు గాని, తప్పదు.

మరి పన్నెండేళ్ళు న్యాయమా? మన 1860 నాటి శిక్షాస్మృతిలో 409 సెక్షను కింద నమ్మకద్రోహం చేసిన ప్రభుత్వోద్యోగికి పదేళ్ళదాకా, లేదా యావజ్జీవం. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అంతే. అంటే ఇవాళ అయినా గోపన్నకు ఉపశమనం లేదు. అదే ఆనందపురం కూడలిలో ఒళ్ళు తెలియకుండా లారీ తోలి మనిషిని చంపినవాడికి పాత చట్టంలో గరిష్ఠం రెండేళ్ళు, కొత్తదాంట్లో ఐదు. డబ్బు ప్రాణం కంటె ఎక్కువా అని అడిగితే, న్యాయవాదులు ఉద్దేశం చూడాలంటారు. సబబే. కాని మామూలు మోసానికి గరిష్ఠం ఏడేళ్ళు. పది వేలు మోసం చేసినా, వేల కోట్లు చేసినా అంతే. సత్యం కంప్యూటర్స్ కేసులో 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు రామలింగరాజుకు వేసింది ఏడేళ్ళే. విచారణ కాలంలో రెండున్నరేళ్ళకు పైగా జైల్లో ఉన్న ఆయనకు, తరవాత నెలలోనే పైకోర్టు శిక్ష నిలిపి బెయిలిచ్చింది. ఇంకోపక్క 1775 ఆగస్టు 5న కలకత్తాలో మహారాజా నందకుమార్‌ను ఫోర్జరీ నేరానికి ఇంగ్లీషు చట్టం ప్రకారం ఉరి తీశారు. నేరం ఒక జాతిదే, తూనికరాళ్ళే వేరు.

గోపన్న విషయంలో నాకు కటువుగా కనిపించేది పన్నెండు అనే అంకె కాదు. ఆ అంకె ముందుగా ఎవరూ చెప్పలేదు. కథ ప్రకారం రామలక్ష్మణులు సేవకుల వేషంలో వచ్చి తానీషాకు ఆరు లక్షలూ చెల్లించి రసీదు పుచ్చుకున్నారు; మర్నాడే తలుపు తెరుచుకుంది. సొమ్ము మొదటి ఏడే ముట్టి ఉంటే మొదటి ఏడే వదిలేవారు. ముట్టకపోతే చచ్చేదాకా ఉంచేవారు. అది శిక్ష కాదు, జప్తు. వస్తువుకు బదులు మనిషిని జప్తు చేశారు. కలిగినవాడు సాయంత్రానికి ఇంటికి పోయే చోట లేనివాడు పన్నెండేళ్ళు కూర్చున్నాడు.

మన కాలంలో దానికి తలకిందులు. శిక్షకు గడువుంది, సొమ్ముకే లేదు. అగ్రిగోల్డ్ డిపాజిటర్లు మన జిల్లాల్లో ఎందరో ఏళ్ళ తరబడి తిరిగారు. చివరకు 2019లోను 2021లోను చిన్న డిపాజిటర్లకు కొంత చెల్లించింది రాష్ట్ర ప్రభుత్వం. రాముడి పాత్ర ఖజానాయే వెయ్యవలసి వచ్చింది.

విడుదలయ్యాక గోపన్న భద్రాచలం చేరి అక్కడే శేషజీవితం గడిపాడంటారు. కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాయే పెట్టాడని చెబుతారు. ప్రభుత్వాలు మారినా అది ఆగలేదు. మాదన్నను 1686లో గోల్కొండ వీధిలోనే చంపేశారు. మరుసటి ఏడు ఔరంగజేబు కోట పట్టుకుని తానీషాను దౌలతాబాదు కోటలో పెట్టాడు. ఆయన మీద విచారణ లేదు, గడువు లేదు, విడిపించడానికి ఎవరూ సొమ్ము తేలేదు. 1699లో అక్కడే పోయాడు. అదీ పన్నెండేళ్ళే.